టెక్ సందేహాలు: ర్యామ్ రుద్దితే పనిచేస్తోంది, మళ్లీ మొరాయిస్తోంది

ప్రశ్న: మాది చెన్నై తిరువాన్మియూర్, బీచ్‌కి దగ్గర. మా డెస్క్‌టాప్ ఒక్కోరోజు పొద్దున ఆన్ అవకుండా బీప్ కొడుతుంది. ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్ది పెడితే పనిచేస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ అదే కథ. కాంటాక్ట్ ఎన్‌హాన్సర్ అని, లోహాలు తగిలే చోట పూసే ఖరీదైన ద్రవం ఉందట, అది పూస్తే ఇక తిరిగి చూడక్కర్లేదని స్నేహితుడు అంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: ముందు ఆ ఎరేజర్ పిల్లలకిచ్చేయండి. ర్యామ్ అంచున మెరిసేది బంగారు పూతే. కానీ దాని మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. రుద్దినప్పుడల్లా కొంత అరుగుతుంది. అరిగిన చోట కిందున్న నికెల్, రాగి బయటపడతాయి. బంగారానికి చిలుము పట్టదు, రాగికి పడుతుంది. పైగా మీ ఇంట్లోకి వచ్చేది ఉప్పుగాలి! రాలిన రబ్బరు పొడి స్లాట్‌లో పడితే అదో కొత్త తలనొప్పి.

మరి రుద్దగానే ఎందుకు పనిచేస్తోందంటారా? చాలాసార్లు ఆ ఘనత తీసి పెట్టడానిది. రెండు లోహాలు ఆనుకున్నట్టు కనిపించినా నిజంగా తగిలేది అక్కడక్కడ సన్నని మిట్టల దగ్గరే. అక్కడ మురికో ఆక్సైడో పేరుకుంటే కరెంటు సరిగ్గా పారదు. ర్యామ్‌ని దించేటప్పుడు స్లాట్‌లోని స్ప్రింగు పిన్నులు దాని మీద గీసుకుంటూ పోయి ఆ పొరను చీలుస్తాయి.

కాబట్టి ఇలా చేయండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి, ‘ఐపీఏ’ అన్నా ఇస్తారు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. కళ్లద్దాలు తుడిచే గుడ్డను తడిపి, బోర్డు వైపు నుంచి అంచు వైపుకు ఒకే దిశలో తుడవండి. ఆరాక రెండు మూడుసార్లు పెట్టి తీసి, చివరికి క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. మళ్లీ మొరాయిస్తే ర్యామ్‌ని పక్క స్లాట్‌లోకి మార్చండి. తప్పు ర్యామ్‌తోపాటే వెళ్తే దోషం ర్యామ్‌ది, అక్కడే ఉండిపోతే స్లాట్‌ది.

ఇక మీ స్నేహితుడి మాట. డీఆక్సిట్ లాంటివి ఆక్సైడును కరిగించి, గాలి తగలకుండా పలుచని పొర వదులుతాయి. స్టాబిలాంట్ 22 అనేది శుభ్రం చేశాక పూసే పాలిమర్, లోహాల మధ్య మిగిలిన సూక్ష్మమైన ఖాళీల్లోకి చేరుతుంది. రెండూ పనికొచ్చేవే, పూసేది చుక్కంతే. కానీ పట్టు పోయిన స్ప్రింగుకు ఏ ద్రవమూ పట్టు తేలేదు. ఐపీఏతో తీరకపోతేనే వాటికి డబ్బు పెట్టమంటాను. ఇంట్లో ఉంది కదా అని మామూలు డబ్ల్యూడీ-40 మాత్రం కొట్టకండి, మిగిలే జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. అదే పేరుతో కాంటాక్ట్ క్లీనర్ వేరే డబ్బాలో దొరుకుతుంది.

ప్రశ్న: నాన్నగారి పాత యాంప్లిఫయర్‌లో వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది.

జవాబు: ఇలాంటి కాంటాక్ట్ ద్రవాలు నిజంగా సత్తా చూపేది ఇక్కడే. ప్లగ్ తీసేసి, కాసేపాగి మూత విప్పండి. లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది కాబట్టి చేతులు పెట్టకండి, అలవాటు లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి. నాబ్ వెనకాల, వాల్యూమ్‌ను పెంచి తగ్గించే భాగమైన పొటెన్షియోమీటర్‌కు వైర్లు అతికిన చోట చిన్న సందు ఉంటుంది. అందులోకి లూబ్రికెంట్ ఉన్న క్లీనర్ ఒక చిన్న స్ప్రే ఇచ్చి, నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి పాతిక ముప్పైసార్లు తిప్పాలి. ఐపీఏ ఒక్కటే పోస్తే లోపలి గ్రీజు కూడా పోతుంది. ఇంత చేసినా గరగర తగ్గకపోతే, ఏదో కెపాసిటర్ లీకై పొటెన్షియోమీటర్‌లోకి డీసీ కరెంటు వస్తుండవచ్చు.

ప్రశ్న: గీజర్ ప్లగ్ వేడెక్కి వాసన వస్తోంది. ఏ స్ప్రే కొట్టమంటారు?

జవాబు: ఏదీ వద్దండి. ఈరోజే గీజర్ వాడకం ఆపండి. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్‌లో వదులు వల్ల అర ఓమ్ నిరోధం చేరినా అక్కడ దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. అంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని మించిన వేడి గోడలో! ఆ వేడికి లోపలి ఇత్తడి రేకుల బిగువు తగ్గుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. పైగా చాలా స్ప్రేలు మండే రకం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 16 ఆంప్ సాకెట్, ప్లగ్ రెండూ మార్పించండి. నల్లబడ్డ వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి బిగించమని చెప్పండి. కొత్త సాకెట్‌లో కాలిన పాత ప్లగ్ పెడితే ఆ ఖర్చంతా దండగే.

ప్రశ్న: రిమోట్‌లో సెల్ కారి తెల్లగా పేరుకుంది. వెనిగర్ రాయొచ్చా?

జవాబు: సెల్ మీద ఆల్కలైన్ అని ఉంటే రాయొచ్చు, కారింది క్షారం కనుక. మనం మామూలుగా కొనే చవక జింక్ సెల్ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది. దానికి తడి ఇయర్‌బడ్‌తో తుడవడమే చాలు. రెంటికీ చివర్లో ఐపీఏతో తుడిచి ఆరబెట్టండి. స్ప్రింగు పూత లేచి తుప్పు పట్టి ఉంటే మాత్రం రుద్దుతూ కూర్చోకండి, కొత్త స్ప్రింగు వేయించండి.