హొబ్బెమా చెట్ల దారి: 1669 కాదు, 1689 అని వేయండి

డచ్ చిత్రకారుడు హొబ్బెమా వేసిన చెట్ల దారి బొమ్మకు సంవత్సరం మీ దగ్గరున్న పాత పుస్తకంలో 1669 అని, నెట్‌లో 1689 అని ఉంది, బొమ్మ కింద ఏది రాయాలో తేలడం లేదని టెన్షన్ పడుతున్నారు కదండీ. నిశ్చింతగా 1689 వేసేయండి.

మైన్డెర్ట్ హొబ్బెమా గీసిన ఈ ‘మిడ్డెల్‌హార్నిస్ దారి’ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. సంతకంతో పాటు సంవత్సరం కూడా ఆయనే వేశాడు గానీ, మూడో అంకె చెడిపోయింది. అది 6 అని కొందరు, కాదు 8 అని కొందరు. 1668లో ఆయనకు పెళ్లయింది, ఆమ్‌స్టర్‌డామ్‌లో వైన్ పీపాలు కొలిచే ఉద్యోగమూ ఆ రోజుల్లోనే దొరికింది. ఆ తర్వాత కుంచె పట్టడం బాగా తగ్గిపోయింది కాబట్టి, ఇంత గొప్ప బొమ్మ 1669 నాటిదే అయి ఉంటుందని పాతవాళ్లు అనుకున్నారు.

చిక్కు విప్పింది ఆ చెట్లే. ఆ దారి వెంట వాటిని నాటింది 1664లో. బొమ్మ ఒకసారి పరకాయించి చూడండి: కింది కొమ్మలన్నీ నరికేశారు, సన్నటి బోదెలు, చిటారున మాత్రం చిన్న గుబురు. ఐదేళ్లకే అంత ఎత్తు ఎక్కడ పెరుగుతాయండీ? (కుడిపక్క తోటలో మొక్కలు కత్తిరిస్తున్న మనిషిని వదలకండి, నాకు అందులో బాగా నచ్చేది అతనే.)

పుస్తకంలో సైజు లేదన్నారుగా, అది కూడా చేర్చండి: కాన్వాస్ మీద నూనె రంగులు, 103.5 × 141 సెం.మీ.