టెక్ సందేహాలు: బ్లెండర్‌లో గ్రీకు పెప్లోస్, చిన్న బ్లాగులకు పాఠకుల సాయం

ఈ వారం ప్రశ్నలన్నీ చిన్న బ్లాగులు రాసేవాళ్ల నుంచి, వాటిని చదివేవాళ్ల నుంచి వచ్చినవే. మొదటిది కాస్త పెద్ద పని కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్రశ్న: పాతకాలపు వస్త్రాల గురించి బ్లాగు రాస్తున్నాను. ప్రాచీన గ్రీకు స్త్రీల దుస్తులను బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపిద్దామంటే బట్ట భుజాల మీద నిలవకుండా జారిపోతోంది, లేదా శరీరంలోంచి దూరి బయటికొస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. గ్రాఫిక్స్ కార్డున్నది కొనాలా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ఈ పని కోసం కొనక్కర్లేదు. బ్లెండర్‌లో క్లాత్ సిమ్యులేషన్, అంటే బట్ట ఎలా వాలుతుందో కట్టే లెక్కంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉపయోగపడేది రెండరింగ్, అంటే చివరి చిత్రాన్ని తయారుచేసే దశ దగ్గర. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ సాధారణంగా బట్ట కొలతల వల్ల, సెట్టింగుల వల్ల వస్తాయి.

ముందు ఏ దుస్తు చేస్తున్నారో తేల్చుకోండి. పెప్లోస్ ఉన్ని బట్ట. పై అంచును బయటివైపు మడిచి, ఆ మడతను రెండు భుజాల దగ్గర పెద్ద పిన్నులతో గుచ్చేవారు. ఒక పక్క తెరిచే ఉండేది, కొన్నిసార్లు కుట్టేవారు. ఖిటోన్ చాలావరకు పల్చటి నారబట్ట. వెడల్పు ఎక్కువ, పక్కలు కుట్టి ఉంటాయి. మెడ దగ్గర నుంచి చేతుల పొడవునా చిన్న గుండీలతోనో పిన్నులతోనో అక్కడక్కడా కలిపితే అదే చొక్కా చేతుల్లా ఏర్పడుతుంది. వీటి మీద చుట్టుకునే పెద్ద పైబట్ట హిమాటియన్. మూడూ చీరలాగే మగ్గం మీంచి దిగిన దీర్ఘచతురస్రాలు. కత్తిరింపు దాదాపు ఉండదు కాబట్టి బ్లెండర్‌లో చేయడానికి ఇంతకంటే అనువైన దుస్తులు దొరకవు. ఒంటి భుజం తెల్ల గౌను అనే సినిమా నమూనాను మాత్రం పక్కన పెట్టేయండి.

1.6 మీటర్ల ఎత్తున్న బొమ్మకు లెక్క ఇదీ. భుజం నుంచి నేలకు సుమారు 1.32 మీటర్లు, పైమడతకు 0.45, నడుం దగ్గర ఉబ్బుగా లాగడానికి 0.15 కలిపితే పెప్లోస్ ఎత్తు 1.92 మీటర్లు. వెడల్పు మోచేతి నుంచి మోచేతికి ఉన్న దూరానికి రెట్టింపు, అంటే దాదాపు 1.8 మీటర్లు. ఖిటోన్‌కు పైమడత సాధారణంగా అక్కర్లేదు కాబట్టి ఎత్తు 1.5 నుంచి 1.6 మీటర్లు చాలు. వెడల్పు మాత్రం మణికట్టు నుంచి మణికట్టుకు రెట్టింపు, 2.6 మీటర్ల దాకా పెట్టండి. చాలామంది తప్పేది ఇక్కడే. వెడల్పు తగ్గిస్తే ఆ సన్నటి నిలువు మడతలు రానే రావు.

ఇప్పుడు పెప్లోస్ కట్టే వరస. ముందొకటి, వెనకొకటిగా రెండు ప్లేన్లు (చదునైన పలకలు) పెట్టండి. ఒక్కొక్కటి 0.9 మీటర్ల వెడల్పు, 1.47 మీటర్ల ఎత్తు. శరీరానికి ఎక్కడా తగలకుండా, పై అంచు భుజాల కంటే 15 సెంటీమీటర్లు పైన ఉండాలి. మొదటి ఫ్రేములోనే బట్ట శరీరాన్ని తాకి ఉంటే అది లోపలికి దూరడం ఖాయం. పై అంచును 3 సెంటీమీటర్లు బయటికి, తర్వాత 45 సెంటీమీటర్లు కిందికి ఎక్స్‌ట్రూడ్ చేస్తే (లాగి పొడిగిస్తే) పైమడత సిద్ధం. గళ్లు 2 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వచ్చేలా సబ్‌డివైడ్ చేయండి. ఖిటోన్‌కు 1 సెంటీమీటరు పెడితే మడతలు అందంగా వస్తాయి కానీ 8 జీబీ ర్యామ్‌తో గంటలు పడుతుంది. ముందు 2తో సరిచూసుకుని ఆఖరున తగ్గించండి. కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయడం మరిచిపోవద్దు. అది చేయకపోతే కొలతలన్నీ తప్పుతాయి.

జారిపోవడానికి కారణం: పిన్ గ్రూప్ (కదలకుండా ఉంచే బిందువుల గుంపు) పెట్టకపోతే బట్టను పట్టుకునేది ఏదీ ఉండదు. పెడితే ఆ బిందువులు గాల్లో బిగుసుకుపోయి, బొమ్మ కదిలినప్పుడు బట్ట వెంట రాదు. అందుకే పిన్ను బదులు కుట్టు వాడండి. ముందు ప్లేన్ మడత అంచులో మూడు నాలుగు వర్టెక్స్‌లు (గళ్ల మూల బిందువులు), వాటికి ఎదురుగా వెనక ప్లేన్‌లో అన్నే ఎంచుకుని, రెండు రెండుగా ఎఫ్ నొక్కి గీతలతో కలపండి. ఇలాంటి చోట్లు రెండు, వాటి మధ్య 30 సెంటీమీటర్లు. ఎడమ పక్కను కూడా పైనుంచి కిందిదాకా ఇలాగే కలపండి, కుడి పక్కను వదిలేయండి. కలిపిన చోట ముఖాలు (గడిని నింపే తలాలు) ఏర్పడితే ఎక్స్ నొక్కి ఓన్లీ ఫేసెస్ ఎంచుకుని తీసేయండి. ముఖం ఉంటే బ్లెండర్ దాన్ని కుట్టుగా కాకుండా బట్టగానే లెక్కిస్తుంది. తర్వాత క్లాత్‌లో షేప్ కింద సూయింగ్ టిక్ చేయండి. మ్యాక్స్ సూయింగ్ ఫోర్స్ సున్నా అంటే హద్దు లేనట్టు, బట్ట ఒక్కసారిగా ఎగిరి చిక్కుపడుతుంది. 5 దగ్గర మొదలుపెట్టండి.

శరీరానికి కొలిజన్ (బట్ట లోపలికి దూరకుండా అడ్డుకునే సెట్టింగు) ఇచ్చి థిక్‌నెస్ అవుటర్‌ను 0.02 నుంచి 0.005కి తగ్గించండి. బట్టకు క్వాలిటీ స్టెప్స్ 10, కొలిజన్ క్వాలిటీ 4 పెట్టండి. పైమడత కింది పొరలోకి దిగిపోకుండా సెల్ఫ్ కొలిజన్ ఆన్ చేయాలి. ప్రీసెట్‌లలో కాటన్‌తో మొదలుపెట్టి, ఉన్ని పెప్లోస్‌కు వర్టెక్స్ మాస్ పెంచండి. నడికట్టును కొలిజన్ ఉన్న వేరే రింగుగా చేసి, బట్ట స్థిరపడ్డాక షేప్ కీతో (ఆకారాన్ని క్రమంగా మార్చే సాధనం) మెల్లగా బిగించండి. కట్టు మీదుగా బట్ట ఉబ్బి వేలాడాలంటే సిమ్యులేషన్‌తో కుస్తీ పట్టొద్దు. క్లాత్ మాడిఫయర్ అప్లై చేసి స్కల్ప్ట్ మోడ్‌లో గ్రాబ్ బ్రష్‌తో పైకి లాగండి.

నమూనాకు ఏథెన్స్ ఎరెక్థియన్ స్త్రీమూర్తి స్తంభాల ఫొటోలు చూడండి. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరివి. పెప్లోస్, నడికట్టు, ఉబ్బు అన్నీ స్పష్టంగా ఉంటాయి. పెప్లోస్ కోరె అనే పేరుతో ప్రసిద్ధమైన విగ్రహాన్ని మాత్రం నమ్ముకోవద్దు. రంగుల ఆనవాళ్లు పరిశీలించిన పండితులు ఆమె వేసుకున్నది ఒట్టి పెప్లోస్ కాదని వాదిస్తున్నారు. ఆ విగ్రహాలకు మొదట రంగులుండేవి కాబట్టి బట్టకు పాలరాతి తెలుపు వేయకండి. కుంకుమపువ్వు పసుపు, అంచు నమూనాలు నిశ్చింతగా వాడొచ్చు.

ప్రశ్న: ఇలాంటి బ్లాగులో మ్యూజియం వెబ్‌సైట్ల ఫొటోలు పెట్టుకోవచ్చా? మూలం పేరు రాస్తే చాలా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: పేరు రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, లైసెన్సు చూడాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, కాపీరైటు లేని తన కళాఖండాల ఫొటోలను సీసీ జీరో (షరతులేవీ లేని లైసెన్సు) కింద ఇస్తోంది. వాటిని ప్రకటనలున్న బ్లాగులో కూడా వాడొచ్చు. సేకరణ వెతికేటప్పుడు ఓపెన్ యాక్సెస్ ఫిల్టర్ పెట్టండి. అమాసిస్ చిత్రకారుడిదిగా చెప్పే లెకిథోస్ అనే చిన్న కూజా, నమోదు సంఖ్య 31.11.10, తప్పకుండా చూడండి. స్త్రీలు ఉన్ని తూచడం, నూలు వడకడం, నిలువు మగ్గం మీద నేయడం, నేసిన బట్ట మడవడం అన్నీ దాని మీద ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం ఫొటోలు చాలావరకు వ్యాపారేతర వాడకానికే. బ్లాగులో యాడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనలు) ఉంటే వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. వికీమీడియా కామన్స్‌లో ఒక్కో ఫొటోకు ఒక్కో లైసెన్సు ఉంటుంది. సీసీ బై ఎస్ఏ అని ఉంటే ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు పేరు, లింకు మూడూ ఇవ్వాలి, మీరు చేసిన మార్పులను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

ఫొటోను దిగుమతి చేసుకుని మీ బ్లాగులోకే ఎక్కించండి. మ్యూజియం సర్వర్ నుంచి నేరుగా చూపిస్తే, వాళ్లు చిరునామా మార్చిన రోజు మీ పేజీలో ఖాళీ గడి మిగులుతుంది. 1200 పిక్సెళ్ల వెడల్పు, జేపెగ్ నాణ్యత 75 నుంచి 80 సరిపోతుంది.

ప్రశ్న: నాకు నచ్చిన చిన్న బ్లాగులు నాలుగైదున్నాయి. కొత్త టపా వస్తే తెలియడం లేదు. వాళ్లకు సాయంగా పాఠకులం ఏం చేయగలం? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ఒకప్పుడు కూడలి, హారం, మాలిక వంటి సంకలినులు తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకేచోట చూపించేవి. ఆ పని ఇప్పుడు ఆర్ఎస్ఎస్ రీడర్‌తో, అంటే బ్లాగుల కొత్త టపాలను తెచ్చి చూపే యాప్‌తో మీరే చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోన్‌లో నెట్‌న్యూస్‌వైర్, బ్రౌజర్‌లోనైతే ఫీడ్లీ లేదా ఇనోరీడర్. బ్లాగు చిరునామా ఇస్తే చాలావరకు ఫీడ్ (కొత్త టపాల జాబితా) దానంతటదే దొరుకుతుంది. దొరక్కపోతే వర్డ్‌ప్రెస్ బ్లాగు చిరునామా చివర స్లాష్ ఫీడ్ అని, బ్లాగ్‌స్పాట్‌కు స్లాష్ ఫీడ్స్ స్లాష్ పోస్ట్స్ స్లాష్ డిఫాల్ట్ అని చేర్చండి. అప్పటికీ రాకపోతే బ్లాగరు సైట్ ఫీడ్ సెట్టింగులో నన్ అని పెట్టుకుని ఉండొచ్చు. ఫుల్‌కు మార్చమని ఒక మాట రాయండి. చాలామందికి ఆ సెట్టింగు ఉన్నట్టే తెలియదు.

మీ చందాల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి స్నేహితులకు పంపితే, వాళ్ల రీడర్‌లో అన్ని బ్లాగులూ ఒకేసారి చేరతాయి. వాట్సాప్‌లో టపాను కాపీ చేసి పంపకండి, లింకు పంపండి. రచయిత తర్వాత చేసిన దిద్దుబాటు కాపీలోకి రాదు.

మీకూ బ్లాగు ఉంటే అన్నిటికన్నా విలువైన సాయం మీ టపా మధ్యలో ఇచ్చే లింకు. హోం పేజీకి కాకుండా ఆ టపాకే ఇవ్వండి. 'ఇక్కడ' అనే మాటకు కాకుండా 'పెప్లోస్ పైమడత కొలతలు' లాంటి పదాలకు ఇవ్వండి. బ్లాగర్‌లో లింకు పెట్టేటప్పుడు కనిపించే నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు) గడిలో టిక్ పెట్టకండి. వ్యాఖ్యల్లో పెట్టే లింకులకు సాధారణంగా నోఫాలో దానంతటదే పడుతుంది కాబట్టి సెర్చ్‌లో వాటి ప్రభావం తక్కువ. బ్లాగర్ లేఅవుట్‌లో బ్లాగ్ లిస్ట్ గాడ్జెట్ చేరిస్తే తోటివాళ్ల తాజా టపా శీర్షికలు పక్కన కనిపిస్తూ ఉంటాయి.

ప్రశ్న: బ్లాగర్‌లో బ్యాకప్ తీశాను. ఫైలు తెరిస్తే బొమ్మలు లేవు. పోయినట్టేనా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: పోలేదు. మీరు తీసిన బ్యాకప్ ఫైలులో టపాలు, పేజీలు, వ్యాఖ్యల రాత ఉంటుంది, బొమ్మలవి లింకులే. ఆ ఫైలుతో పాటు గూగుల్ టేకౌట్‌లో (మీ డేటాను దింపుకునే గూగుల్ సేవ) బ్లాగర్, అందులో కనిపించకపోతే ఫొటోస్ కూడా ఎంచుకుని దింపుకోండి. ముఖ్యమైన టపాల చిరునామాలను వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లోని సేవ్ పేజ్ నౌ గడిలో ఇస్తే పేజీ ప్రతి అక్కడ నిలుస్తుంది. కాసేపాగి ఆ ప్రతిని తెరిచి, బొమ్మలన్నీ వచ్చాయో లేదో చివరిదాకా స్క్రోల్ చేసి చూసుకోండి.