చాకులు సేకరించేవారు ఒకే కంపెనీని ఎందుకు నమ్ముకుంటారు?

మంచి ఉక్కుతో తక్కువ ధరకు మడత చాకులు చేసే కంపెనీలు ఇన్ని ఉండగా, సేకరించేవారు పాత పేర్లకే ఎక్కువ డబ్బు ఎందుకు పెడతారు, అది వట్టి అభిమానమేనా అని మీరు అడిగారు. అమెరికాలో ఉంటూ అక్కడి మడత చాకులను చాలా కాలంగా సేకరిస్తున్నాను కాబట్టి నా అనుభవం నుంచి చెబుతాను. అభిమానం ఉన్న మాట నిజమే. కానీ దానికి ఆధారం, కొనేవారు కంటితో చూసి తేల్చుకోలేని విషయాల్లో ఆ కంపెనీ మీద కుదిరిన నమ్మకం.

చాలా చాకుల బ్లేడు మీద ఉక్కు పేరు చెక్కి ఉంటుంది. ఆ ఉక్కును ఎంత వేడి చేశారో, ఎలా చల్లార్చారో, మళ్లీ కాస్త వేడి చేసి పెళుసుదనం ఎంతవరకు తగ్గించారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. పదును నిలవడం చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. బక్ కంపెనీ 110 మోడల్‌కు మామూలుగా వాడే 420హెచ్‌సీ ఖరీదైన ఉక్కేమీ కాదు. అయినా పాల్ బాస్ అనే నిపుణుడి హీట్ ట్రీట్‌మెంట్ (ఇలా వేడి చేసి చల్లార్చే పద్ధతి) వల్ల దానికి మంచి పేరు వచ్చింది. నా 110తో అట్టపెట్టెలు ఎన్ని కోసినా పదును నిలిచింది. అంతకంటే గొప్ప ఉక్కు పేరున్న మరో కంపెనీ చాకు అదే పనికి త్వరగా మొద్దుబారింది.

పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారయ్యే కేస్ చాకులను నమ్మడానికి కారణం వేరు. వాటి మీద ఉన్న గుర్తులను బట్టి అవి ఏ సంవత్సరానివో తెలుసుకోవచ్చు. 1970లో బ్లేడు మొదట్లో, కంపెనీ పేరు దగ్గర 10 చుక్కలు వేసి, ఏటా ఒక్కో చుక్క తీసేస్తూ వచ్చారు కాబట్టి, 3 చుక్కలుంటే అది 1977 నాటిదని అర్థం. 1980లో కంపెనీ పేరులోని ‘ఎస్’ అక్షరాన్ని మెరుపు ఆకారంలోకి మార్చి, మళ్లీ 10 చుక్కలతో మొదలుపెట్టారు. 6254 అనే నంబరులో 6 అంటే ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే ట్రాపర్ అనే నమూనా. ఇంత స్పష్టమైన లెక్క ఉన్నప్పుడు ఒక వరుసను పూర్తి చేయాలనే కోరిక కలగడం సహజం. నేను మళ్లీ మళ్లీ కేస్ చాకులే కొనడానికి ప్రధాన కారణం ఇదే.

అయితే ఈ నమ్మకం పేరు మీద కాదు, చేసే చేతుల మీద అని ష్రేడ్ అనే చాకుల కంపెనీ ఉదంతం చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎలెన్‌విల్‌లో ఉన్న ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. పేరు మరో సంస్థ చేతికి వెళ్లి, తయారీ చైనాకు మారింది. నాకు తెలిసిన సేకర్తలు ఇప్పటికీ యు.ఎస్.ఎ. ముద్ర ఉన్న పాత ష్రేడ్ చాకుల కోసమే వెతుకుతారు, కొత్తవాటిని పట్టించుకోరు.

మీరు పాత చాకు కొనదలిస్తే, బ్లేడ్లు మూసి ఉన్న ఫోటో తప్పకుండా అడగండి. పదేపదే సానపట్టి అరగదీసిన బ్లేడు మొన పిడిలోంచి పైకి పొడుచుకువచ్చి కనిపిస్తుంది. ఎముక పిడి అయితే మేకుల చుట్టూ సన్నని పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. చుక్కలు అరిగిపోయి లెక్కకు అందకపోతే, అమ్మేవారు చెప్పే సంవత్సరాన్ని బట్టి ధర పెట్టకండి.