రాగి బిస్కెట్ల ప్యాకెట్టూ, మా అమ్మ చూసిన పచ్చ చుక్కా

ఆహార ప్యాకెట్ల ముందు వైపున చక్కెర, ఉప్పు, కొవ్వుల సంగతి గుర్తుల రూపంలో ముద్రిస్తే జనం నిజంగా మంచివి ఎంచుకుంటారా అని కొందరు అడుగుతుంటారు. తప్పకుండా ఎంచుకుంటారు, కాకపోతే ఆ గుర్తు నక్షత్రం కాకూడదు. ఈ మాట మా అమ్మ అనుభవం చూసి అంటున్నాను.

అమ్మ నరసరావుపేట నుంచి బెంగళూరులో మారతహళ్లిలో ఉన్న మా ఇంటికి వచ్చి రెండేళ్లయింది. షుగరు ఉన్నందువల్ల టీలో చక్కెర ఎప్పుడో మానేసింది, మామిడిపండు కూడా ముక్కలు లెక్కపెట్టుకొని తింటుంది. అలాంటిది కిందటి వేసవిలో పరగడుపు పరీక్షలో చక్కెర 168 వచ్చింది. కారణం వంటింటి అరలోనే దొరికింది. అది పెద్ద రాగి కంకి బొమ్మ వేసిన ఒక బిస్కెట్ల ప్యాకెట్టు. సాయంత్రం టీతో రోజూ ఆరేసి తింటోందట. "రాగులే కదరా, పైగా పచ్చ చుక్క కూడా ఉంది" అంది. ఆ చుక్క శాకాహారమని చెప్పే గుర్తే తప్ప, ఆరోగ్యానికి మంచిదని చెప్పేది కాదు.

వెనక్కి తిప్పి, ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప కనబడని అక్షరాలలో మొదట మైదా, తరువాత చక్కెర, ఆపైన పామాయిల్, వాటన్నిటి వెనుక 9 శాతం రాగిపిండి ఉన్నాయి. పదార్థాలను బరువు ఎక్కువైనదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది నిబంధన కనుక ఈ మాత్రమైనా తెలిసింది. మైదా అన్న మాట కూడా అక్కడ లేదు, 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఉంది. 100 గ్రాములకు చక్కెర 27 గ్రాములు. అయితే ఒక సర్వింగు అంటే రెండు బిస్కెట్లేనని తయారీదారు తేల్చుకున్నాడు కాబట్టి ఆ గడిలో 4.3 గ్రాములే కనిపిస్తుంది. ఆరు తినే మనిషికి అది దాదాపు 13 గ్రాములు, అంటే మూడు చెంచాలకు పైమాటే. ఉప్పు అని రాస్తే అందరికీ అర్థమైపోతుందని కాబోలు, దాన్ని సోడియం అంటారు. రెండున్నరతో గుణించుకుంటే గాని ఉప్పు లెక్క తేలదు.

పైగా మన నిబంధనల ప్రకారం ఈ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, మిగతా భాషలు తయారీదారు ఇష్టం. తెలుగు పత్రికను మొదటి పుట నుంచి చివరిదాకా చదివే అమ్మ, ఇక్కడికి వచ్చాక బస్సుల మీది కన్నడం కూడా కూడబలుక్కొని చదివే అమ్మ, ఆ ప్యాకెట్టు దగ్గర మాత్రం చదువురానిదైపోతోంది. పచ్చ చుక్క ఒక్కటే ఆమెకు అర్థమయ్యే భాష.

ఇక నక్షత్రాల విషయానికి వస్తే, 2022 సెప్టెంబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెలువరించిన ముసాయిదాలో అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల దాకా ఇవ్వాలని ప్రతిపాదించారు. చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు వంటివి దోషాలుగానూ, చిరుధాన్యాలు, పీచు, ప్రోటీన్ గుణాలుగానూ లెక్కకు వచ్చి, చివరికి అన్నీ కలిసి ఒకే అంకె అవుతాయి. అంటే కాస్త పీచో ప్రోటీనో చేర్చి చక్కెర మచ్చను కొంత కడిగేసుకోవచ్చన్న మాట. నక్షత్రం ఒక్కటున్నా దాన్ని మెప్పుగానే చూసే జనం మనం. చిలీలో 2016 నుంచి చక్కెర హద్దు దాటితే 'చక్కెర ఎక్కువ' అని, ఉప్పు దాటితే 'సోడియం ఎక్కువ' అని, దేనికి దానికే ఎనిమిది మూలల నల్ల ముద్ర వేస్తున్నారు. ఆ ముద్ర పడిన ప్యాకెట్టు మీద పిల్లలను ఆకర్షించే కార్టూన్ బొమ్మలు వేయడానికి కూడా వీల్లేదు. మన దగ్గరా అలాంటి ముద్ర, పచ్చ చుక్క పక్కనే పడితే అమ్మ ఆ ప్యాకెట్టును బుట్టలో వేసుకునేదే కాదు.

ప్రస్తుతం మా ఇంట్లో టీ వేళకు పుట్నాలో మరమరాలో ఉంటున్నాయి, రాగిపిండి విడిగా కొని పొద్దున జావ కాస్తోంది. ఏదైనా కొత్త ప్యాకెట్టు మీద మనసుపడితే అంగట్లోనే నిలబడి వెనుక వైపు ఫొటో తీసి నాకు పంపుతుంది. నేను ఆఫీసు మీటింగులో బల్ల కింద ఫోను పెట్టుకొని, చాలాసార్లు, "వద్దమ్మా" అని రాస్తుంటాను.