కింది ఫ్లాటుకి మన బాత్రూమ్ నీళ్ళు దిగుతున్నాయట, 85 వేల ఖర్చట

ప్రశ్న: మాకు హైదరాబాద్ మియాపూర్‌లో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ ఉంది, నేను పూణేలో జాబ్. నాలుగేళ్ళుగా ఒకే ఫ్యామిలీ అద్దెకుంటున్నారు, ఇప్పుడు నెలకి 20 వేలు, టైముకి వేసేస్తారు, అందుకే ఎప్పుడూ వెళ్ళి చూడలేదు. కింది ఫ్లాటు వాళ్ళు మీ బాత్రూమ్ నుంచి నీళ్ళు దిగుతున్నాయని ఫోటోలు పెట్టారు, ప్లంబర్ టైల్స్ మొత్తం పగలగొట్టాలి 85 వేలవుతుంది అంటున్నాడు. ఈ ఖర్చు ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా? అద్దంతా రిపేర్లకే పోతే అమ్మేసి ఫండ్స్‌లో పెట్టుకోవడం బెటరా? లోన్ లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి 6 వేలు, నాది 30 శాతం స్లాబు.

జవాబు: మేడమ్, ముందు ట్యాక్స్ సంగతి చెప్పేస్తా, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. 85 వేల బిల్లు విడిగా చూపించడం కుదరదు. అద్దె ఆదాయంలో 30 శాతం ఎలాగూ మినహాయింపు ఇచ్చేస్తారు, ఆ ఏడాది మీరు ఇంటి మీద రూపాయి పెట్టకపోయినా అంతే, లక్ష పెట్టినా అంతే. మీ లెక్కే చూడండి, ఏడాది అద్దె 2,40,000, మీరు కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ 6,000 తీసేస్తే 2,34,000, అందులో 30 శాతం అంటే 70,200 మీద మీకు ట్యాక్స్ పడదు, పాత రెజీమ్ అయినా కొత్తదైనా ఇది ఉంటుంది. మీ స్లాబులో సెస్‌తో కలిపి ఏటా దాదాపు 21,900 రూపాయలు మీ దగ్గరే ఉండిపోతోంది.

అదే మీ రిపేర్ల డబ్బు. కానీ విడిగా పెట్టరు కదా ఎవరూ, జీతంతో పాటు అదే అకౌంట్లో పడి ఖర్చైపోతుంది. మొదట్లో అద్దె కాస్త తక్కువే ఉండి ఉంటుంది అనుకున్నా నాలుగేళ్ళకి ఇంచుమించు 80 వేలు, అంటే ప్లంబర్ అడిగినంత! అద్దంతా రిపేర్లకే పోతోంది అన్నారు కానీ నాలుగేళ్ళలో మీకొచ్చిన అద్దెలో ఇది పదో వంతు లోపే, ఒకేసారి వచ్చి మీద పడింది కాబట్టి అలా అనిపిస్తోంది. ఈ నెల నుంచే ఏడాదికి ఒక నెల అద్దె చొప్పున, అంటే నెలకి ఓ 1,700, ఆర్‌డీలో వేసేయండి, దాన్ని ఇంటికి తప్ప ఇంకదేనికీ ముట్టుకోకండి.

ఇంక ఆ 85 వేలకి వెంటనే ఓకే చెప్పేయకండి. నీళ్ళు ఎక్కడ్నుంచి దిగుతున్నాయో తేల్చకుండానే టైల్స్ పగలగొడదాం అనే ప్లంబర్లు చాలామంది. ఇంకో బాత్రూమ్ ఉంటుంది కదా, మీ టెనెంట్‌ని రెండు మూడు రోజులు అది వాడుకోమని చెప్పి, లీకయ్యేదానికి నీళ్ళు వచ్చే గేట్ వాల్వ్ మూయించండి, స్లాబులో నిలిచిన నీళ్ళు దిగిపోవడానికి ఆ టైమ్ పడుతుంది. కింద చుక్కలు తగ్గాక వాల్వ్ తెరిచి, ట్యాప్ మాత్రం ఎవరూ తిప్పకుండా ఉంచాలి. అప్పుడు మళ్ళీ మొదలైతే గోడలో పైపు లీకు, ఆ ఒక్క చోట కొడితే చాలు. మొదలవ్వకపోతే నహానీ ట్రాప్‌కి, అంటే నేల మీద నీళ్ళు పోయే జాలీకి, గుడ్డ కుక్కి నేల మీద అంగుళం నీళ్ళు నిలబెట్టి ఒక రోజు చూడాలి, అప్పుడు దిగితే టైల్ జాయింట్లో, ట్రాప్ చుట్టూ గ్యాపో. జాయింట్లే అయితే ముందు ఎపాక్సీ గ్రౌటింగ్, అంటే టైల్స్ మధ్య సందుల్ని నీళ్ళు దిగని జిగురుతో నింపడం, చేయించి చూడండి, పగలగొట్టే దాంతో పోలిస్తే చాలా తక్కువలో పోతుంది. ఈ రెండింటికీ దిగలేదంటే షాఫ్ట్‌లో, అంటే బిల్డింగ్ పైపులన్నీ దిగే సందులో, డ్రైనేజ్ లైను అనుమానించాలి, కామన్ లైను అయితే ఆ ఖర్చు అసోసియేషన్‌ది, మీది కాదు.

నాలుగేళ్ళు చూడలేదు అన్నారు, టైముకి అద్దె వేసే టెనెంట్ ఉంటే ఓనర్లందరూ చేసేది ఇదే. టెనెంట్ ఎందుకు చెప్పలేదు అని మాత్రం ఆయన మీద కోప్పడకండి, మీరే పాడు చేశారంటారనో ఓనర్ వస్తే అద్దె పెంచుతారనో సగం మంది చెప్పరు. ఏదైనా లీకైతే చెప్పండి, మీ డిపాజిట్‌లో కోయను అని మీరే వాట్సాప్‌లో రాసి పెట్టండి, అది పని చేస్తుంది. ఏడాదికి రెండు సార్లు చూస్తే సరిపోతుంది, మే నెలాఖర్లో వానలకి ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి. మీరు రాలేకపోతే నమ్మకమైన ప్లంబర్‌ని, ఎలక్ట్రీషియన్‌ని కూలి ఇచ్చి పంపండి, మీరు వీడియో కాల్‌లో ఉండండి. చూడాల్సింది పెద్దగా ఏం లేదు, బాత్రూమ్ బయటి వైపు గోడ అడుగున పెయింట్ ఉబ్బిందా, సింక్ కింద చెయ్యి పెడితే తడి తగులుతోందా, గీజర్ స్విచ్ దగ్గర ప్లాస్టిక్ రంగు మారిందా, బాల్కనీ డ్రైన్ మూసుకుపోయిందా. ఫ్లష్ ట్యాంక్‌లో కొంచెం ఫుడ్ కలర్ వేసి పావుగంట ఆగండి, ఫ్లష్ కొట్టకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే లోపల వాషర్ పోయినట్టే. బోర్ నీళ్ళయితే గీజర్ ఏడాదికోసారి విప్పించండి, లోపల పేరుకున్న ఉప్పు చూస్తే మీకే అర్థమవుతుంది.

వెళ్ళే ముందు రోజు మెసేజ్ పెట్టి వాళ్ళకి కుదిరే టైముకే వెళ్ళాలి, పగలే వెళ్ళాలి. ఇన్‌స్పెక్షన్ అని వెళ్ళి స్టవ్ మీద కూరేంటో, ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారో ఆరా తీసే ఓనర్లున్నారు, వాళ్ళ వల్లే టెనెంట్లు తలుపు తీయాలంటే చిరాకు పడతారు. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో కూడా 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత లోపలికి రాకూడదు అని ఉంది. ఎవరి రిపేరు ఎవరిదో కూడా అందులో పంచారు, గోడల రిపేర్లు, పెయింటింగ్, పైపులు, వైరింగ్ ఓనర్‌వి, ట్యాప్ వాషర్లు, స్విచ్చులు, తలుపు తాళాలు, కాలవ క్లీనింగ్ లాంటివి టెనెంట్‌వి. అది రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అమలవుతుంది, కానీ అదే జాబితా మీ 11 నెలల అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి? వచ్చే రెన్యువల్‌లో రాయించేయండి, ఏడాదికి రెండు సార్లు చూసే సంగతి కూడా అందులోనే పెట్టండి, అప్పుడు టెనెంట్‌కి కొత్తగా అనిపించదు.

అమ్మడం గురించి, ఈ చెమ్మ మీద కోపంతో డిసైడ్ అవ్వకండి. రేటు మీరు రాయలేదు, 65 లక్షలు వస్తుంది అనుకుందాం. 2,40,000లో ప్రాపర్టీ ట్యాక్స్, రిపేర్లకి 20 వేలు తీస్తే మిగిలేది 2,14,000, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ముందు 3.3 శాతం. చేతికొచ్చే డబ్బు మాత్రమే చూస్తే ఇది తక్కువే, కాబట్టి మియాపూర్‌లో రేటు పెరుగుతుందనే నమ్మకం ఉంటేనే ఉంచుకోండి, అది లేకపోతే అమ్మేయడంలో తప్పు లేదు. అమ్మేటట్టయినా ముందు లీకు ఆపించండి, కింది ఫ్లాటు వాళ్ళు గొడవ మీదున్నారని తెలిస్తే కొనేవాళ్ళు 85 వేలు కాదు, లక్షల్లో తగ్గించమంటారు. వాల్వ్ టెస్ట్ అయ్యాక ఏం తేలిందో, ఎంత రేటు పలుకుతోందో రాయండి, అప్పుడు అమ్మితే పడే ట్యాక్స్ లెక్క కూడా వేసి చెప్తాను.