‘డే ఆఫ్ రాత్’లో నాజీ ఎవరన్న ప్రశ్నకు

డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రయ్యర్ తీసిన ‘డే ఆఫ్ రాత్’ చిత్రంలో ఏ పాత్ర నాజీలకు ప్రతీకో తేలడం లేదని మీరు రాశారు. పాత్రలను జతపరచడం మాని, నేరాంగీకారం ఎలా పుడుతుందో గమనించండి. 1623 నాటి ఈ కథలో మతాధికారులు వృద్ధురాలు మార్తెను హింసించి, తాను మంత్రగత్తెనన్న ఒప్పుకోలు రాబట్టి, బాలుర బృందగానం నడుమ దహిస్తారు. చివర పాస్టర్ (చర్చి మతగురువు) అబ్సలోన్ భార్య ఆన్, భర్త శవపేటిక ఎదుటే అత్త నింద మోపగా, ప్రియుడూ విడిచిపెట్టగా, ఏ చిత్రహింసా లేకుండానే తాను మంత్రగత్తెనని ఒప్పుకుంటుంది. చిత్రం విడుదలైన 1943 నవంబరులో, జర్మన్ ఆక్రమణలో ఉన్న డెన్మార్క్ ప్రేక్షకులకు ఇది పాతకాలపు కథగా మాత్రమే తోచి ఉండదు. డ్రయ్యర్ రాజకీయ ఉద్దేశాన్ని నిరాకరించాడు గానీ, ఆ మాటకు మనం కట్టుబడనక్కరలేదు. నా దృష్టిలో కీలకం పాస్టర్ అబ్సలోన్: ఆన్‌ను పెళ్లాడేందుకు ఆమె తల్లిని మంత్రగత్తె ఆరోపణ నుంచి కాపాడిన ఈ సౌమ్యుడే, మార్తె ప్రాధేయపడినా ఆమెను చితికి పంపుతాడు.