‘సర్వీసుకు సంబంధం లేదు’ అన్న ముక్కకి జవాబు

పర్లాకిమిడి

చెల్లెమ్మా,

మీ ఆయన మానసిక జబ్బు ‘సర్వీసుకు సంబంధం లేదు’ అంటూ వైకల్య పెన్షన్ కాదన్న మిలిటరీ రికార్డ్స్ ఆఫీసు లెటర్ చూసి అంతా అయిపోయిందనుకోకు. ఆ లెటర్ తేదీ నుంచి ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు పడాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచు.

ముందు కాగితాలు తెప్పించు: రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించిన డాక్టర్ల బోర్డు) ప్రొసీడింగ్స్, భర్తీ నాటి మెడికల్ ఫారం, సైకియాట్రిస్టు అభిప్రాయం, యూనిట్ సీఓ (కమాండింగ్ ఆఫీసర్) మానసిక రోగి గురించి రాసే రిపోర్టు ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10. లేనివాటికి పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ పెట్టాలి. అర్జీ మీ ఆయన పేరున, ఆయన సంతకంతోనే వెళ్ళాలి. నీ పేరున వెళ్తే మూడో మనిషి అడిగారని తిప్పేయొచ్చు. ఇక్కడ మన ఇంటిపేర్లు ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా పడుతుంటాయి. డిశ్చార్జి బుక్కులో ఉన్నట్టే అన్నిచోట్లా రాయి.

ఇప్పుడు అసలు సంగతి. బోర్డు కాగితంలో జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైందన్న గడి చూడు. అక్కడ వేసేది చాలాసార్లు ఆస్పత్రిలో చేర్చిన తేదీ. అప్పటికి మనిషి ఫీల్డ్ నుంచి పీస్ స్టేషన్‌కి, అంటే ప్రమాదం లేని మామూలు చోటికి, వచ్చేసి ఉంటాడు, అందుకే ‘సర్వీసు ఒత్తిడి లేదు’ అని తేల్చేస్తారు. కానీ నిద్రపట్టకపోవడం, తనలో తను మాట్లాడుకోవడం అంతకు ముందే మొదలై ఉంటే? ఒక కాగితం మీద ఎడమవైపు పోస్టింగులు తేదీలతో, కుడివైపు ఆ నెలల్లో సిక్ రిపోర్టులు, సెలవులు, సీఓ రాసిన మాటలు పెట్టు. ఉగ్రవాద ఏరియా, ఎత్తైన కొండలు, ఏకాకి పోస్టుల్లో మొదలైన మానసిక జబ్బుకి సర్వీసు సంబంధం ఒప్పుకోవాలని మీకు వర్తించే పాత మిలిటరీ పెన్షన్ల మెడికల్ గైడ్ 54వ పేరాలోనే ఉంది.

భర్తీ నాడు జబ్బు రాయకపోతే అది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలన్న సుప్రీంకోర్టు 2013 ధరమ్‌వీర్ సింగ్ తీర్పు ఒక్కటే పట్టుకుని అప్పీలు రాయొద్దు. భర్తీలో జబ్బు బయటపడకపోయినంత మాత్రాన సర్వీసు వల్లే వచ్చిందనలేమని, మానసిక జబ్బు కేసులోనే 2019లో నర్సింగ్ యాదవ్ తీర్పు వచ్చింది. 2025 రాజుమోన్ తీర్పు మనకి పనికొస్తుంది: కారణం రాయని బోర్డు అభిప్రాయం చెల్లదు. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్ళకి రూల్స్ వేరు. మీది అంతకు ముందుదే.

మొదటిది కొట్టేస్తే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలలే. ఆ తర్వాత సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ఒడిశావాళ్ళకి కోల్‌కతా బెంచి. ఆలస్యమైతే పెన్షన్ హక్కు పోదు గానీ, బకాయిలు చాలా కేసుల్లో కేసు వేసిన రోజుకి వెనక మూడేళ్ళవే ఇచ్చారు. బోర్డు వేసే వైకల్యం ఇరవై శాతానికి తగ్గకూడదు. ముప్ఫై రాసినా యాభైగా లెక్కకట్టే వీలుంది.

మళ్ళీ బోర్డుకి పిలిస్తే, జబ్బు బాగా కనబడాలని మాత్రలు ఆపమనేవాళ్ళుంటారు. వినొద్దమ్మా. బరంపురం మెడికల్ కాలేజీలోనో, విశాఖ చినవాల్తేరు ఆస్పత్రిలోనో చూపించిన ప్రతి చీటీ తేదీవరసన పిన్ను కొట్టి తీసుకెళ్ళు. రాత్రిళ్ళు ఆయన ఎలా ఉంటున్నారో నువ్వు చూసింది చూసినట్టు అర పేజీ రాసి, దానిమీద సంతకం పెట్టి ఆ చీటీలతో జతచెయ్యి.

అన్నయ్య